మెషిన్ వెనక పదకొండు పొట్లాలు

మా ఆసుపత్రిలో నోటి దురుసు మనుషులకి కొరత లేదు. వాళ్లలో ముందు వరసలో నిలబడేది నేనే. పేరు కున్యీ, పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ ఎక్స్‌రేలు తీస్తున్నాను. కోపంలో నేను అన్న ఒక్క మాట చియెన్ లీచింగ్ అక్క ఉద్యోగం మీదికి తెచ్చింది. ఆవిడ గురించి రాయమని ఆసుపత్రి పత్రికవాళ్లు అడిగినప్పుడు, ఆవిడ మంచితనం గురించి నాలుగు ముక్కలు రాసి ఇచ్చేద్దామనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది, నా తప్పు చెప్పకుండా ఆవిడ మంచితనం చెప్పడం కుదరదని.

అక్కది మా యున్‌లిన్ జిల్లాలోనే వెల్లుల్లి పండించే ఇల్లు. ఇరవయ్యారేళ్ల కిందట ఇక్కడ ఫిల్ముల గదిలో చేరింది. అప్పట్లో ఎక్స్‌రేలన్నీ ఫిల్ముల మీద వచ్చేవి. వాటిని ఖాకీ రంగు కవర్లలో పెట్టి, నేల నుంచి కప్పు దాకా అరల్లో సర్దేవారు. ఫలానా ముసలాయన పోయినేడు తీయించుకున్న ఛాతీ బొమ్మ కావాలని డాక్టరు అడిగితే, అక్క మూడు నిమిషాల్లో తెచ్చి చేతిలో పెట్టేది. నంబరు కూడా అడిగేది కాదు. "ఎడమ కాలు ఈడుస్తూ వస్తాడే, ఆయనేగా? మూడో వరస, పైనుంచి రెండో అర," అంటూ నిచ్చెన ఎక్కేసేది.

తర్వాత ఫిల్ములు పోయి బొమ్మలు కంప్యూటర్లోకి వెళ్లాయి. ఆ గదిలో పనిచేసే నలుగురిలో ముగ్గురు సర్దుకుని వెళ్లిపోయారు. అక్క మాత్రం తనకన్నా ఇరవయ్యేళ్లు చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని సర్వర్ల పని నేర్చుకుంది. అరలు పీకేసి, గదిలో ఏసీ బిగించి, సర్వర్ తెచ్చి పెట్టారు. అదే గదికి, అదే తాళంచెవితో, మళ్లీ ఆవిడే వచ్చింది.

"అప్పుడూ బొమ్మలు తెచ్చివ్వడమే, ఇప్పుడూ బొమ్మలు తెచ్చివ్వడమే. నిచ్చెన ఎక్కే బాధ తప్పింది, అంతే," అనేది.

పొట్టి మనిషి, కాస్త భారీ, కుడి మోకాలు నొప్పి. బయట జూన్ ఎండ మాడుస్తున్నా ఆ చల్లటి గదిలోకి దూది కోటు వేసుకునే వెళ్లేది. ఏది రాసుకోవాలన్నా పాత ఫిల్ము కవర్ల వెనకే రాసుకునేది. ఆ కవర్లు ఇంకా రెండు బస్తాలు మిగిలి ఉన్నాయి, ఆవిడ పారెయ్యనివ్వలేదు.

సర్వర్ ముందు ఒక పచ్చ పొట్లం ఎప్పుడూ ఉండేది. అది లేని మెషిన్ మా దగ్గర కనబడదు. టికెట్ల గదిలోనూ ఉంటుంది, బ్యాంకులోనూ ఉంటుంది, నా ఎక్స్‌రే మెషిన్ మీదా ఉంది. మొక్కజొన్న పిండితో చేసిన కొబ్బరి రుచి చిరుతిండి. పొట్లం మీది పేరుకి బుద్ధిగా ఉండమని అర్థం. పచ్చదే పెట్టాలి. పసుపుదో ఎర్రదో పెడితే మెషిన్ మొరాయిస్తుందని గట్టి నమ్మకం. గడువు తేదీ దాటనివ్వకూడదు, కాపలాలో ఉన్నదాన్ని తినకూడదు. పొట్లం మీద రాసుకోవడానికి కాస్త ఖాళీ ఉంటుంది, అందులో మన కోరిక రాస్తాం. నవ్వుకుంటూనే రాస్తాం, రాయడం మాత్రం మానం. లీచింగ్ అక్కకి కూడా నమ్మకం లేదు గానీ, తేదీ దాటే ముందు రోజు కొత్తది తెచ్చి పెట్టడం ఏ నెలా మర్చిపోలేదు.

ఆ ఏడాది మే నెల మొదటివారంలో సర్వర్లో ఒక డిస్కు చెడిపోయింది. మొత్తం పన్నెండు డిస్కులు. ఒకటి పోయినా బొమ్మలు పోకుండా మిగతావి కాసుకుంటాయి. అక్క ఆ గంటలోనే కొత్త డిస్కు పెట్టింది. పోయినదాంట్లో ఉన్నదంతా మిగతా పదకొండూ కలిసి కొత్తదానికి తిరిగి నింపాలి. అందుకు రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులూ బొమ్మలు నెమ్మదిగా తెరుచుకుంటాయి. "రెండు రోజులు ఓపిక పట్టండి" అని అక్క అన్ని తలుపులకీ కాగితాలు అంటించింది. నా తలుపుకీ అంటించింది. నేను చదవలేదు.

ఆ రెండో రోజున ఒక ముసలి రైతుని తల తిరిగి పడిపోయాడని తీసుకొచ్చారు. డాక్టరు పాత బొమ్మతో పోల్చి చూడాలన్నారు. అది తెరుచుకోవడానికి నిమిషంన్నర పట్టింది. ఆయనకేమీ కాలేదు, సాయంత్రానికి లేచి కూర్చుని జావ తాగాడు. కానీ ఆ నిమిషంన్నరా డాక్టరు నా మీద విసుక్కున్నారు. ఆ విసుగు నేను మధ్యాహ్నం దాకా కడుపులో దాచుకుని, క్యాంటీన్‌లో డబ్బా విప్పుకుంటున్న అక్క మీద కక్కాను.

"నీ సర్వర్ కన్నా నువ్వు ఫిల్ములు మోసిన రోజులే నయం కదక్కా. కుంటుకుంటూ అయినా తెచ్చి చేతిలో పెట్టేదానివి," అన్నాను.

క్యాంటీన్ అంతా విన్నది. కొందరు నవ్వారు. అక్క చిలగడదుంప ఆకు కూర మీద మూత పెట్టేసింది. "రేపటికి సర్దుకుంటుంది కున్యీ," అంది. డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది, తినకుండానే.

కాసేపటికి నా తలుపు మీది కాగితం నా కంటపడింది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అంటారు. తొక్కాను సరే, కడుక్కోవడానికైనా ధైర్యం ఉండాలిగా. ఆవిడ ముందుకెళ్లి "తప్పయింది" అనడానికి నాకు నోరు రాలేదు. తిట్టడానికి లేచిన నోరే. మర్నాడు పొద్దున పెద్ద సైజు పచ్చ పొట్లం ఒకటి కొని, దాని మీద "అక్క సర్వర్ చల్లగా ఉండాలి" అని రాసి, గదులు ఊడ్చే ఆషియా పిన్ని చేతిలో పెట్టాను. ఆ గదిలోకి వెళ్లగలిగేది అక్క తర్వాత పిన్నే.

"ఎవరిచ్చారో చెప్పకు పిన్నీ. ఆవిడకి కనబడని చోట పెట్టు," అన్నాను.

"ఎందుకురా దొంగతనంగా? దేవుడికి దండం కూడా వెనకనుంచి పెడతావా నువ్వు?" అంది పిన్ని. అంటూనే పొట్లం ఏప్రాన్ జేబులో దూర్చుకుంది.

ఆ సాయంత్రానికి డిస్కు నిండింది. అంతా బాగైపోవాలి. నిజానికి మూడు రోజులు బాగానే ఉంది. ఆ తర్వాత మళ్లీ మొదలైంది. ఈసారి రోజూ అదే గోల. పొద్దున తొమ్మిదింటికి ఓపీ తెరిచినప్పుడు బాగానే ఉండి, పది దాటేసరికి ఒక్కో బొమ్మకి నలభై సెకన్లు పట్టేది. మధ్యాహ్నం జనం తగ్గాక మళ్లీ మామూలు. వరండాలో రోగులు గొణుక్కునేవాళ్లు, డాక్టర్లు బల్లలు గుద్దేవాళ్లు. నేను జాలిపడి ఇంకో పొట్లం పంపాను. ఆ తర్వాత ఇంకో రెండు.

మూడో వారంలో మా ఉప సంచాలకులు డాక్టర్ వెన్ అక్కని పిలిపించారు. బొమ్మల పని అంతా బయటి కంపెనీకి అప్పగిద్దామని, ఆ గది మూసేద్దామని ఆయనకి ముందునుంచే ఉంది. అక్కకి పెన్షన్ అందాలంటే ఇంకా మూడేళ్ల సర్వీసు కావాలి. గది మూస్తే ఉద్యోగమూ ఉండదు, పెన్షనూ ఉండదు.

"శుక్రవారం లోపల కారణమేంటో చెప్పండి. లేదంటే సోమవారం కాగితాల మీద సంతకం పెట్టేస్తాను," అన్నారట ఆయన. "నేనొక్కణ్ణే అనడం కాదు. ఎక్స్‌రే విభాగం వాళ్లే ఫిల్ముల రోజులు నయమంటున్నారు."

ఆ ముక్క అక్కే నాకు చెప్పింది, దెప్పుతున్నట్టు కాకుండా మామూలుగా. నాకు మాత్రం సూదితో పొడిచినట్టైంది. నోరా వీపుకు తేకే అని మనం అనుకుంటాం. నా నోరు తెచ్చిన దెబ్బ ఇంకొకరి వీపు మీద పడింది.

ఆ మూడు రోజులూ అక్క ఎలా వెతికిందో ఫిల్ము కవర్ల మీద ఇప్పటికీ ఉంది. మొదట నెట్‌వర్క్ తీగల మీద అనుమానపడింది. సర్వర్ దగ్గరికే వెళ్లి, తీగల సంబంధం లేకుండా ఒక పెద్ద ఫైలు చదివించి చూసింది. సెకనుకి నాలుగు వందల మెగాబైట్లు రావాల్సింది పాతిక కూడా రాలేదు. కాబట్టి తీగలది తప్పు కాదు, జబ్బు డిస్కులు చదవడంలోనే ఉంది. పన్నెండింటినీ విడివిడిగా చూసింది. ఒకటి కుంటుతుంటే దాన్ని తీసేయొచ్చు. పన్నెండూ ఒకేసారి, ఒకేలా కుంటుతున్నాయి. మెషిన్ తనంతట తాను రాసుకునే తప్పుల పట్టీలో ఒక్క తప్పు లేదు. దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి.

మెషిన్ అమ్మిన కంపెనీ మనిషి వచ్చి, డిస్కులు ముసలివైపోయాయి, అన్నీ మార్చాలన్నాడు.

"మొన్న పెట్టిన డిస్కుకి నెల కూడా నిండలేదు. అది కూడా ముసలిదైపోయిందా?" అంది అక్క.

అతను చూశాడు. ఆ కొత్తది కూడా మిగతావాటితో పాటే కుంటుతోంది. సంచి సర్దుకున్నాడు.

బుధవారం పొద్దున అక్క గది బయటుండే తన బల్ల దగ్గర కూర్చోలేదు. బల్ల మీది తెరలో అంకెలే కనబడతాయి. కుర్చీ ఈడ్చుకెళ్లి, కోటు గుండీలు పెట్టుకుని, సర్వర్ ముందే కూర్చుంది. ఆ మూడు వారాల్లో ఓపీ వేళకి ఆ గదిలో ఎవరూ పది నిమిషాలు కూర్చోలేదు. అందరూ తలుపు దాకా వచ్చి తిట్టి పోయేవాళ్లే. పదింటికి జనం పెరిగారు. మెషిన్ ఫ్యాన్ల మోత పెరుగుతూ పెరుగుతూ పోయింది. పదింపావుకి పిండిమర పక్కన కూర్చున్నట్టే ఉందట. అక్క ఇనుప పెట్టె మీద అరచెయ్యి పెట్టింది. మోచేతి దాకా అదురు ఎక్కింది.

డిస్కులో తిరిగే పళ్లెం మీద గీతలు వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయట. వాటి మీద నుంచే చదివే ముల్లు పోవాలి. పెట్టె అదిరితే ముల్లు గీత తప్పుతుంది. తప్పిందని తెలుసుకుని మళ్లీ వెతుక్కుంటుంది, మళ్లీ తప్పుతుంది. "గుంతల రోడ్డు మీద బస్సులో సూదిలో దారం ఎక్కించమంటే ఎలా ఉంటుందో అలా," అని తర్వాత నాకు చెప్పింది. డిస్కులకి జబ్బేమీ లేదు. వాటిని కుదురుగా చదవనివ్వడం లేదు, అంతే.

గదిలో ఇరవై డిగ్రీల చల్లదనం ఉంది. మరి ఫ్యాన్లు అంత గొంతు చించుకోవడం ఎందుకు? మెషిన్ వేడిగాలిని వెనకనుంచి వదులుతుంది. వెనక గోడకీ దానికీ మధ్య మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టని సందు. అక్క మోకాలి నొప్పితో, ఆ ఒళ్లుతో, పక్కకి తిరిగి అందులో దూరింది.

పదకొండు నిమిషాల తర్వాత నా బల్ల మీద ఫోన్ మోగింది. అప్పటికి నాకివేవీ తెలియవు.

"కున్యీ, పాత ఛాతీ బొమ్మ ఏదైనా తెరువు. ఎన్ని సెకన్లు పట్టిందో చెప్పు."

"నలభై రెండు."

"సరే, పెట్టెయ్." పది నిమిషాలకి మళ్లీ మోగింది. "ఇప్పుడు వేరేది తెరువు."

"మూడు. అక్కా, మూడే."

"ఇంకో పది నిమిషాలాగు, మళ్లీ చేస్తా." ఆ తర్వాత, "ఇప్పుడు?"

"ముప్పై తొమ్మిది. మళ్లీ పాడైంది. ఏం చేశావు?"

"ఏమీ లేదు. ఎక్కడివి అక్కడ పెట్టాను. కూర్చో అక్కడే." చివరి ఫోన్‌కి, "ఇప్పుడు చెప్పు," అంది.

"మూడు."

"అదే," అని పెట్టేసింది.

నేను పరుగున వెళ్లాను. తలుపు తీసే ఉంది. అక్క కుర్చీలో కూర్చుని ఉంది, ముఖమంతా దుమ్ము. ఒళ్లో, నేల మీద, పచ్చ పొట్లాలు. లెక్కపెడితే పదకొండు. అన్నీ వేడిగాలి వదిలే జాలీని ఆనుకుని, తీగల మధ్య వరసగా కుక్కి ఉన్నాయట. చేత్తో పట్టుకుంటే అప్పుడే పెనం మీంచి తీసిన రొట్టెల్లా ఉన్నాయి. పైదాని మీద నా చేతిరాత. అక్క సర్వర్ చల్లగా ఉండాలి.

"ఆషియా పిన్నిని అడిగాను. నేనే పెట్టానంది. ఎవరిచ్చారంటే చెప్పదు. చెప్పొద్దన్నారు, చెప్పనంతే అంటుంది," అంది అక్క.

డిస్కు చెడిన రోజుల్లోనే కొందరం జాలిపడ్డాం, బొమ్మలు ఆలస్యమైనకొద్దీ అందరం. జాలిపడ్డవాళ్లమంతా పిన్ని చేతిలో పొట్లాలు పెట్టాం, అందరం కనబడని చోటే పెట్టమన్నాం. ఆ గదిలో కనబడని చోటు అదొక్కటే. పొట్లాలు పెరిగినకొద్దీ ఫ్యాన్లు మోతెక్కాయి, బొమ్మలు ఆలస్యమయ్యాయి, మేం ఇంకా జాలిపడ్డాం. అక్కని మూడు వారాలు పీడించిన జబ్బుకి పేరేమిటంటే, మా మంచి మనసు.

నాలుగు పొట్లాలు నావేనని అప్పుడే చెప్పాల్సింది. "పోన్లే అక్కా, దొరికిందిగా," అని వచ్చేశాను. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యమేస్తుంది.

శుక్రవారం మూడింటికి సమావేశం. అన్ని విభాగాల నుంచి ఒక్కొక్కరు వచ్చారు, ఎక్స్‌రే నుంచి నేను. అక్క ఫిల్ము కవర్ మీద రాసుకున్నది నాలుగు మాటల్లో చెప్పింది. పొట్లాలు తీస్తే మూడు సెకన్లు, పెడితే నలభై, రెండుసార్లు పరీక్షించాను, అంది. తర్వాత గుడ్డసంచి బోర్లించి పదకొండు పొట్లాలూ బల్ల మీద వరసగా పేర్చింది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఎవరి చేతిరాతని వాళ్లు వెతుక్కుంటున్నారు.

"వీటిని అక్కడ పెట్టిందెవరు?" అన్నారు డాక్టర్ వెన్.

తలుపు దగ్గర టీ కప్పుల బండి పట్టుకుని ఆషియా పిన్ని నిలబడి ఉంది. ఆవిడ ఆసుపత్రి ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మనిషి. పేరు బయటికొస్తే సాయంత్రానికి ఆవిడ చీపురు ఇంకొకరి చేతిలో ఉంటుంది. అక్క అటు చూడలేదు.

"గది నాది సార్. తాళం నాది. వెనక ఏముందో మూడు వారాలు చూడలేదు. తప్పు నాదే రాసుకోండి."

"అంటే మీ నిర్లక్ష్యమని మీరే ఒప్పుకుంటున్నారు."

"అవును సార్."

ఆయన కలం మూత తీశారు. ఆ కలం కాగితాన్ని తాకితే మూడేళ్లు, పెన్షనూ, ఇరవయ్యారేళ్ల నిచ్చెనలూ అన్నీ పోతాయి. నా కాళ్లు వాటంతటవే లేచాయి.

"నాలుగు నావి సార్," అన్నాను. "ఆవిడకి కనబడకుండా పెట్టించింది నేను. క్యాంటీన్‌లో ఆ మాటన్నది కూడా నేనే. అప్పుడు డిస్కు నింపుతోంది, తలుపు మీద కాగితం కూడా అంటించింది. నేను చదవకుండా అరిచాను. అక్క తప్పు ఒక్కటి కూడా లేదు ఇందులో."

పిల్లల వార్డు పెద్ద నర్సు చెయ్యెత్తింది. "రెండు మావి." మందుల గదాయన గొంతు సవరించుకున్నాడు. "మూడు." ఫిజియోథెరపీ అమ్మాయి తల దించుకుని ఒక వేలు చూపించింది.

పది పొట్లాలకి లెక్క తేలింది. పదకొండోదాని మీద గీసిన రాత ఎవరికీ అర్థం కాలేదు. కోడి కాళ్లకి సిరా పూసి నడిపించినట్టుంది. నాకు మాత్రం ఒక్క చూపులో అర్థమైంది. పంతొమ్మిదేళ్లుగా రోజూ ఆ రాతలో వచ్చే చీటీలు చదివే ఎక్స్‌రేలు తీస్తున్నాను. "దయచేసి త్వరగా" అని ఉంది. పిన్ని రోజూ ఏడింటికి డాక్టర్ వెన్ గది కూడా ఊడుస్తుంది.

ఆయన ఆ పొట్లం వంక చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది ఎవరి రాతో తెలియడం లేదు," అన్నారు.

అక్క వంగి చూసింది. ఏళ్ల తరబడి ఆయన చీటీలు చూసి ఫిల్ములు తీసిచ్చిన మనిషి.

"నాకూ తెలియడం లేదు సార్," అంది. ఆ పొట్లాన్ని మెల్లిగా ఆయన వైపు జరిపింది.

ఆయన కలానికి మూత పెట్టారు. "సోమవారం కాగితాలు అక్కర్లేదు. గది ఉంటుంది. మెషిన్ వెనక మాత్రం ఏమీ పెట్టొద్దని రాసి అంటించండి," అన్నారు. వెళ్తూ ఆ పొట్లం కోటు జేబులో పెట్టుకున్నారు. వరండా చివరిదాకా అది గరగరమంటూనే ఉంది.

నేను అక్క వెనకే నడిచాను. సర్వర్ గది తలుపు దగ్గర ఆగి, తాళంచెవి వెతుక్కుంటున్న ఆవిడతో ఆ మాట అనేశాను. "తప్పయింది అక్కా. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది."

ఆవిడ తాళం తీసింది. లోపల ఫ్యాన్లు తుమ్మెదలా సన్నగా మోగుతున్నాయి.

"ఈ మాటకి ఎంతసేపు పట్టింది కున్యీ?" అంది. "మూడు సెకన్లు పట్టిందా? నా దగ్గరికి రావడానికి దానికి మూడు వారాలు పట్టింది."

ఆవిడ మెషిన్ ముందున్న పొట్లం తేదీ చూసి, ఇంకా పది రోజులుందని కవర్ మీద రాసుకుంది. తర్వాత డబ్బా విప్పి, మూత మీద సగం కూర నాకు పెట్టింది.